నల్గొండ నీటి లెక్కలతో ప్రోగ్రామింగ్ పాఠం: పరిశోధక విద్యార్థుల వర్క్‌షాప్‌పై ఒక కేస్ స్టడీ

ఉమ్మడి నల్గొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల పరిశోధక విద్యార్థులకు ప్రోగ్రామింగ్, డేటా నిర్వహణ నేర్పడానికి మేము రూపొందించి నడుపుతున్న ఒక వర్క్‌షాప్‌పై ఇది సమగ్ర నివేదిక. ఈ ప్రాంతంలో విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధన ఇటీవలి విషయమే. నల్గొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు పీహెచ్‌డీ చేయాలనుకున్నవారు హైదరాబాద్‌కు వెళ్లవలసి వచ్చేది. మా వర్క్‌షాప్‌కు వచ్చేవారిలో రసాయన శాస్త్రం, పర్యావరణ శాస్త్రం, అర్థశాస్త్రం, కామర్స్, తెలుగు విభాగాల స్కాలర్లు ఉంటారు. వీరిలో చాలామంది డిగ్రీ దాకా తెలుగు మాధ్యమంలో చదివినవారు, కుటుంబంలో మొదటిసారి విశ్వవిద్యాలయం మెట్లెక్కినవారు. కంప్యూటర్ తెలియనివారు కాదు; ఎక్సెల్‌లో పట్టికలు వేస్తారు, కొందరు ఎస్‌పీఎస్ఎస్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో మెనూలు నొక్కి గణాంక పరీక్షలు చేస్తారు. రెండేళ్ల కిందట తాము వేసిన గ్రాఫ్‌ను మళ్లీ అలాగే వేసి చూపించమంటే మాత్రం దాదాపు ఎవరూ చూపలేరు. మేము పరిష్కరించాలనుకున్న సమస్య అదే.

ఇలాంటి శిక్షణ ఇంతకుముందు లేదని కాదు. చాలా చోట్ల దాని రూపం ఒకటే: ఐదు రోజులు, ప్రారంభ సభకు ఒక పూట, ముగింపు సభకు ఒక పూట, మధ్యలో పైథాన్, ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాషలు, మెషీన్ లెర్నింగ్, థీసిస్ కూర్చడానికి వాడే లేటెక్ అన్నీ తలా కొంత. బయటి నుంచి వచ్చిన రిసోర్స్ పర్సన్ స్లైడ్లు చూపిస్తారు, వెనక వరుసల్లో ఉన్నవారు ఫోటోలు తీసుకుంటారు, చివర సర్టిఫికెట్ అందుతుంది. సర్టిఫికెట్ అవసరాన్ని నేను తక్కువ చేయను. ఉద్యోగ దరఖాస్తులో దానికి విలువ ఉన్నంత కాలం అది అడగడం సహజమే. కానీ ఆ ఐదు రోజుల తర్వాత ఎవరూ ఆ నోట్‌బుక్ మళ్లీ తెరవరు. కారణం సమయం చాలకపోవడం ఒక్కటే కాదనీ, అసలు లోపం ఉదాహరణకు తీసుకునే డేటాలో ఉందనీ మా అభిప్రాయం.

పైథాన్ గాని, ఆర్ గాని నేర్పే పాఠాల్లో ఎక్కడ చూసినా ఐరిస్ పూల పట్టిక కనబడుతుంది. 1936లో రొనాల్డ్ ఫిషర్ వాడిన ఆ పట్టికలో మూడు జాతుల పూలు, మొత్తం 150 వరుసలు ఉంటాయి. శుభ్రమైన డేటా, చిన్న డేటా, బోధించేవారికి సుఖం. అయితే ఆకర్షక పత్రం పొడవు సగటు ఐదు సెంటీమీటర్లని తెర మీద వస్తే, అది తప్పో ఒప్పో చెప్పగలిగినవారు ఆ గదిలో ఒక్కరూ ఉండరు. కంప్యూటర్ చెప్పింది కాబట్టి సరే అని రాసుకుంటారు. పరిశోధకుడికి నేర్పవలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైన అలవాటు.

ఎక్కడి నుంచి ఏమి తీసుకున్నాం

పరిశోధకులకు కంప్యూటింగ్ నేర్పే విషయంలో ప్రపంచంలో బాగా నలిగిన పద్ధతి ఒకటుంది. 1998లో అమెరికాలోని లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో గ్రెగ్ విల్సన్, బ్రెంట్ గోర్డా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ, 2014లో వచ్చిన డేటా కార్పెంట్రీ, ఈ రెండూ 2018లో కలిసి కార్పెంట్రీస్ అనే ఒకే సంస్థ అయ్యాయి. వారి పాఠాలన్నీ ఎవరైనా తీసుకుని మార్చుకోగలిగే లైసెన్సుతో ఉచితంగా దొరుకుతాయి. వారి నుంచి మేము తీసుకున్నవి ప్రధానంగా మూడు. బోధించేవారు స్లైడ్లు చూపకుండా అందరి ముందూ ఒక్కో వరుస టైపు చేస్తూ, తప్పులు వస్తే అక్కడే దిద్దుకుంటూ నడవడం. పాల్గొనేవారు రెండు రంగుల చీటీలలో ఏదో ఒకటి కంప్యూటర్‌కు అంటించి పని అయిందనో ఆగిపోయిందనో తెలపడం. వరుసల మధ్య తిరుగుతూ సాయం చేసేవారు ఉండడం.

వారి డేటాను మాత్రం తీసుకోలేదు. జీవావరణ పాఠంలో వారు వాడేది అరిజోనాలోని పోర్టల్ దగ్గర ఎడారిలో 1977 నుంచి పట్టి లెక్కిస్తున్న ఎలుకల వంటి చిన్న జంతువుల పట్టిక. అది చాలా మంచి డేటా. అరిజోనా ఎలుక బరువు గురించి మహబూబ్‌నగర్ స్కాలర్‌కు వాదించడానికి ఏమీ ఉండదన్నదే మా అభ్యంతరం.

అందుకని భూగర్భ జలాల ఫైలు ఎంచుకున్నాం. నల్గొండలో ఫ్లోరైడ్ గురించి ఎవరికీ పరిచయం చేయనవసరం లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్‌ను తొలగించే పద్ధతిని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రజ్ఞులు రూపొందించినప్పుడు దానికి నల్గొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. తాగునీటికి భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తారు. ఊరి పేరు, మండలం, జిల్లా, నమూనా తీసిన తేదీ, పీహెచ్, విద్యుత్ వాహకత, కరిగిన ఘనపదార్థాలు, కాల్షియం, బైకార్బొనేట్, ఫ్లోరైడ్, నైట్రేట్ వంటి కాలమ్‌లతో బహిరంగంగా దొరికే పట్టికలను, స్కాలర్ల దగ్గరున్న పట్టికలను కలిపి, అవి ఎలా దొరికాయో అలాగే, ఏమీ శుభ్రం చేయకుండా వర్క్‌షాప్‌కు తెచ్చాం. శుభ్రం చేయకపోవడం ఉద్దేశపూర్వకమే. పాఠం అంతా ఆ చెత్తలోనే ఉంది.

ప్రోగ్రామింగ్ భాష ఎంపిక మీద చాలా చర్చ జరిగింది. గణాంక విభాగాలవారు ఆర్ కావాలన్నారు, మిగతావారు పైథాన్ అన్నారు. చివరికి దాన్ని నిర్ణయించింది సిద్ధాంతం కాదు. వరుసల మధ్య తిరిగి సాయం చేయగలిగిన ఎంసీఏ విద్యార్థులకు పైథాన్ వచ్చు, కాబట్టి పైథాన్.

ఫైలు నేర్పిన పాఠాలు

మొదటి గంటలోనే ఫ్లోరైడ్ కాలమ్ మొత్తం ఎంతో చూడమంటాం. మొత్తం రావలసిన చోట తెర నిండా అంకెలు, చుక్కలు బారులు తీరి వస్తాయి. కాలమ్‌లో ఎక్కడో కొన్ని గళ్లలో, పరికరం కొలవగలిగిన స్థాయికి తక్కువ అనే అర్థంలో, బీడీఎల్ అనే అక్షరాలు ఉండడం వల్ల కాలమ్ మొత్తాన్నీ పైథాన్ అక్షరాలుగా చదువుకుంది, 0.8, 1.2 కూడితే 2 రావాలి గాని, అక్షరాలను కూడమంటే పక్కపక్కన అతికించి 0.81.2 అని ఇచ్చింది. అందరూ నవ్వుతారు. తర్వాత ప్రశ్న వేస్తాం: ఆ బీడీఎల్ స్థానంలో ఏమి పెట్టాలి? సున్నా పెడితే సగటు తగ్గుతుంది, గడిని ఖాళీగా వదిలితే ఫ్లోరైడ్ తక్కువున్న ఊళ్లన్నీ లెక్కలోంచి పోయి సగటు పెరుగుతుంది, కొలత పరిమితిలో సగం పెట్టడం కొందరి ఆనవాయితీ. ఇది ప్రోగ్రామింగ్ ప్రశ్న కానే కాదు, రసాయన శాస్త్రజ్ఞుడు తేల్చవలసిన విషయం. కానీ ఎక్సెల్‌లో ఆ గడిని చేత్తో మార్చేస్తే ఏ నిర్ణయం తీసుకున్నారో ఎవరికీ తెలియదు; కోడ్‌లో రాస్తే ఆ నిర్ణయం అక్షరాలా అక్కడే ఉంటుంది. కోడ్ ఎందుకు రాయాలన్న ప్రశ్నకు మేము ఉపన్యాసం ఇవ్వడం మానేసింది ఈ ఉదాహరణ దొరికాకే.

తేదీల విషయం ఇంకా లోతైనది. భూగర్భ జలాల నమూనాలు వర్షాకాలానికి ముందు, తర్వాత తీస్తారు. ఫైలులో 06-11-2019 అని ఉంటే మన దృష్టిలో అది నవంబర్ 6, అంటే వానలు వెళ్లిపోయాక తీసిన నమూనా. అమెరికా పద్ధతికి అమర్చిన కంప్యూటర్‌కు అది జూన్ 11. అదే కాలమ్‌లో 13-11-2019 ఉంటే పదమూడో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించక అక్షరాలుగా వదిలేస్తుంది. అంటే ఒకే కాలమ్‌లో నెలలో మొదటి పన్నెండు రోజుల నమూనాలు ఏడాదిలో ఎక్కడెక్కడికో చెదిరిపోతాయి, మిగతావి తేదీలే కాకుండా పోతాయి. ఎక్సెల్ తేదీలను కుడివైపుకు, అక్షరాలను ఎడమవైపుకు జరుపుతుంది కాబట్టి, ఫైలు తెరవగానే తేదీల కాలమ్ రెండు వైపులకూ చీలి కనబడితే అనుమానించాలని చెబుతాం. పైథాన్‌లోని పాండాస్ అనే, పట్టికలు చదివే లైబ్రరీ కూడా ప్రత్యేకంగా చెప్పకపోతే నెలే ముందు వస్తుందనుకుంటుంది. 2023లో వచ్చిన రెండో వెర్షన్‌కు ముందు అది ఒక్కో గడిని ఒక్కో రకంగా చదివి చప్పుడు చేయకుండా ముందుకు పోయేది, ఇప్పుడు మొదటి గడిని బట్టి పద్ధతి నిర్ణయించుకుని, తర్వాతి గడి దానికి కుదరకపోతే ఎర్రర్ చూపిస్తుంది. రోజు ముందు వస్తుందని కోడ్‌లో ఒక్క మాట రాస్తే సరిపోతుంది. కానీ ఆ మాట అవసరమని తెలియడానికి, జూన్ 11న మన దగ్గర వర్షాకాలం తర్వాతి నమూనా ఎవరూ తీయరని తెలిసిన మనిషి కావాలి.

ఎక్సెల్ తేదీల గోల మన ఊరిది మాత్రమే కాదని చెప్పడానికి జన్యువుల కథ పనికొస్తుంది. సెప్ట్1, మార్చ్1 అనే మానవ జన్యువుల పొట్టి పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుండడంతో, జన్యువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ కమిటీ 2020లో ఆ పేర్లనే మార్చుకుంది. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, శాస్త్రమే పక్కకు జరిగింది. ఇది విన్నాక మన స్కాలర్లకు తమ ఇబ్బంది తమ తెలివితక్కువతనం కాదన్న ధైర్యం వస్తుంది.

పీహెచ్ కాలమ్‌లో ఒక గడిలో 8..05 అని రెండు చుక్కలు పడ్డాయి. దాని గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. విద్యుత్ వాహకత, కరిగిన ఘనపదార్థాల సంగతి మాత్రం చెప్పాలి. ఈ రెండు కాలమ్‌ల మధ్య సహసంబంధం, అంటే రెండూ ఎంత కలిసికట్టుగా మారతాయో చెప్పే కొలత, సరిగ్గా ఒకటి వచ్చినప్పుడు, దాన్ని థీసిస్‌లో ఒక ఫలితంగా రాయవచ్చని ఒక స్కాలర్ ఉత్సాహపడ్డారు. ఒకదాన్ని మరొకదానితో భాగించి చూడమంటే ప్రతి వరుసలోనూ 0.64 వచ్చింది. రెండోది కొలిచింది కాదు, మొదటిదాన్ని 0.64తో గుణించి రాసింది. ప్రకృతిలో కొలిచిన రెండు అంకెల మధ్య సంబంధం ఎప్పుడూ అంత నిక్కచ్చిగా ఉండదు.

కాల్షియం దగ్గర రసాయన శాస్త్రం వారు అందరికంటే ముందున్నారు. గ్రానైట్ రాళ్ల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి దిగడం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉండి కాల్షియం తక్కువగా ఉన్న క్షార జలాల్లో అది ఎక్కువగా నిలవడం వారికి తెలిసిన విషయమే; కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగున పేరుకుంటుంది. కాబట్టి ఒకటి పెరిగితే మరొకటి తగ్గే ధోరణి గ్రాఫ్‌లో కొంతైనా కనబడాలి. మొదట వేసిన గ్రాఫ్‌లో చుక్కలు రెండు గుంపులుగా విడిపోయాయి. ఒక సంవత్సరం పట్టికలో కాల్షియాన్ని కాల్షియంగానే రాశారు, మరో సంవత్సరం కాల్షియం కార్బొనేట్‌గా రాశారు. రెండోది మొదటిదానికి రెండున్నర రెట్లు ఉంటుంది. దీన్ని పట్టుకున్నది ప్రోగ్రామింగ్ తెలిసిన ఎంసీఏ విద్యార్థులు కాదు, అంతకుముందు ఒక్క వరుస కోడ్ కూడా రాయని రసాయన శాస్త్ర స్కాలర్. ఆ గదిలో ఎవరు ఎవరికి నేర్పుతున్నారన్న లెక్క ఆ మధ్యాహ్నం మారిపోయింది.

జిల్లాలు మారిన సంవత్సరం

అన్నిటికంటే ఎక్కువసేపు నిలబెట్టి మాట్లాడించింది జిల్లాల వారీ గ్రాఫ్. అర్థశాస్త్రం స్కాలర్ ఒకరు సంవత్సరాల వారీగా నల్గొండ జిల్లా సగటు ఫ్లోరైడ్ గీత గీశారు. 2016 దాటాక గీత పైకి లేచింది. "భగీరథ నీళ్లొచ్చినంక ఫ్లోరైడ్ పెరుగుడేంది సార్?" అన్నారు ఆయన. మిషన్ భగీరథ ప్రారంభమైంది కూడా 2016లోనే కాబట్టి ఆ అనుమానం సహజం. గదిలో మొదట వచ్చిన సమాధానం సరైనదే: భగీరథ పథకం కృష్ణా, గోదావరి నీటిని పైపుల ద్వారా ఇళ్లకు తెస్తుంది, మన ఫైలులో ఉన్నవి బోర్ల నుంచి తీసిన నమూనాలు, నల్లాలో వచ్చే నీరు మారినంత మాత్రాన రాతి పొరల్లోని నీటి గుణం వెంటనే మారదు. పథకం వల్ల తగ్గలేదనడం తేలిక. పెరగడానికి కారణం మాత్రం ఇంకా దొరకలేదు.

వెనక వరుసలో ఉన్న ఒకామె చౌటుప్పల్ వరుసలు వెతికారు. 2016కు ముందరి పట్టికలో అవి నల్గొండ కింద ఉన్నాయి, తర్వాతి పట్టికలో లేవు. ఆ తర్వాత కోదాడ, హుజూర్‌నగర్, భువనగిరి ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. 2016 అక్టోబర్ 11న తెలంగాణలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయ్యాయి. నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, కొడంగల్ వికారాబాద్‌లోకి వెళ్లింది, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట కూడా వేరైంది. నీరు మారలేదు, నల్గొండ అనే పేరుకు అర్థం మారింది. మిగిలిన జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ, మునుగోడు, చండూరు వంటి మండలాల వాటా పెరిగింది కాబట్టి సగటు పెరిగింది.

దీన్ని సరిదిద్దడానికి రెండు కాలమ్‌లు కలిపించాం: ఒకటి పాత జిల్లా, ఒకటి ప్రస్తుత జిల్లా. చెప్పినంత తేలిక కాలేదు. కొత్త మండలాలు కూడా ఏర్పడ్డాయి. కొన్ని ఊళ్లు మండలం మారాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిన ఊరి పేర్లయితే ఫైలుకొక తీరు. నార్కెట్‌పల్లికే రెండు మూడు రాతలు, మహబూబ్‌నగర్‌కే రెండు. ఒకే పేరున్న ఊళ్లు వేర్వేరు మండలాల్లో ఉండడం వల్ల, ఊరి పేరు ఒక్కటే ఆధారంగా రెండు పట్టికలను కలిపినప్పుడు వరుసల సంఖ్య తగ్గకపోగా పెరిగింది. పట్టికలు కలపడానికి ముందు వరుసలెన్ని, కలిపాక ఎన్ని అని ప్రతిసారీ చూసే అలవాటు ఈ ఒక్క అనుభవంతో కుదిరింది. పేర్ల బదులు జనగణన కోడ్‌లను గాని, కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీ కోడ్‌లను గాని వాడడం సరైన మార్గమని అప్పుడు చెబితే ఎవరూ కాదనలేదు. మొదటి రోజే స్లైడ్ వేసి చెప్పి ఉంటే రాసుకుని మరచిపోయేవారు.

ఈ గ్రాఫ్‌ను మేము ఇప్పుడు ప్రతి బ్యాచ్‌తోనూ వేయిస్తాం, జవాబు ముందుగా చెప్పం. పాఠానికి కేటాయించిన సమయంలో దాదాపు సగం ఇదే తినేస్తుంది. ఫంక్షన్లు, లూపులు నేర్పడానికి ఆ సమయం వాడవచ్చు కదా అని తోటి అధ్యాపకులు అడిగారు. లూపు ఎలా రాయాలో పుస్తకంలోనూ, ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ వీడియోల్లోనూ దొరుకుతుంది. తన గ్రాఫ్‌ను తానే అనుమానించడం ఎలాగో ఆ వీడియోల్లో ఉండదు.

గది, బస్సు, చీటీలు

బోధన తెలుగులో సాగుతుంది, కోడ్ మామూలుగానే ఉంటుంది. ఎర్రర్ వచ్చినప్పుడు చివరి వరుసను పైకి చదివించి, దాని భావం తెలుగులో చెప్పమంటాం. ఎర్రటి అక్షరాలు కనబడగానే విండో మూసేసే అలవాటు దీనివల్ల త్వరగా పోతుంది.

చీటీల పద్ధతి అమెరికాలో కంటే మన దగ్గర ఎక్కువ అవసరమని నాకనిపిస్తుంది. అందరి ముందూ లేచి డౌట్ అడగడం మన తరగతుల్లో చాలామందికి, ముఖ్యంగా తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారికి, కష్టం. ఎర్ర చీటీ అంటిస్తే ఎవరో ఒకరు పక్కకొచ్చి నిలబడతారు. "అక్కా, ఇక్కడ కామా పడలేదు" అని ఎంసీఏ అమ్మాయి మెల్లగా చెప్పి వెళ్లిపోతుంది. అయితే గైడ్ పక్కనే కూర్చుంటే ఏ స్కాలరూ ఎర్ర చీటీ అంటించరు. అందుకే అధ్యాపకుల బ్యాచ్‌ను వేరు చేశాం. ఆ బ్యాచ్‌లో ఎర్ర చీటీలు ఇంకా తక్కువ కనబడ్డాయి, కారణం వేరే చెప్పనవసరం లేదు.

వరుసగా ఐదు రోజులు పెట్టే బదులు వారానికో రోజు చొప్పున నడుపుతున్నాం. మధ్యలో ఉన్న వారం రోజుల్లో సొంత ఫైలు మీద కొంతైనా చేసి రావాలి. సాయంత్రం మూడున్నరకు ముగించడం తప్పనిసరి నియమం. దేవరకొండ వైపు, అచ్చంపేట వైపు వెళ్లేవారి బస్సు పోతే చివరి గంట ఎంత బాగా చెప్పినా వినేవారుండరు.

యంత్రాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ల్యాబ్ కంప్యూటర్లలో కొన్ని విండోస్ 7 మీదే నడుస్తాయి; దాని మీద నడిచే చివరి పైథాన్ 3.8. అందరి దగ్గరా ఒకే వెర్షన్ ఉండేలా ఇన్‌స్టాలర్లను పెన్‌డ్రైవ్‌లలో పెట్టి ముందురోజే వేయిస్తాం, ఎందుకంటే ఒకే వైఫై మీద అందరూ ఒకేసారి పెద్ద ఫైలు దించుకోవడం మొదలుపెడితే ఆ పూట పోయినట్టే. కొన్ని ల్యాబ్‌లలో కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టగానే అన్నీ పాత స్థితికి పోయే ఏర్పాటు ఉంటుంది. పని పోగొట్టుకోకుండా ఉండాలంటే ఎవరి పెన్‌డ్రైవ్ వారిదే. సొంత ల్యాప్‌టాప్ ఉన్నవారిని తెచ్చుకొమ్మంటాం, లేనివారిని ల్యాబ్ కంప్యూటర్ ముందు ఇద్దరిద్దరుగా కూర్చోబెట్టం.

వదిలేసినవి

గిట్‌ను వదిలేశాం. 2005లో లినస్ టోర్వాల్డ్స్ రాసిన ఈ వెర్షన్ నియంత్రణ (ఫైళ్లలో ఎప్పుడు ఏమి మారిందో నమోదు చేసే) సాధనం కార్పెంట్రీస్ పాఠాల్లో ప్రధాన భాగం. దాన్ని తీసేయడం సరికాదని వాదించేవారున్నారు, వారి వాదనలో బలం కూడా ఉంది. మా అనుభవంలో మాత్రం గిట్ భావనలకు, ఖాతాల అమరికకు కలిపి ఒక పూర్తి రోజు పడుతుంది, ఆ తర్వాత ఒంటరిగా పనిచేసే స్కాలర్ దాన్ని వాడడు. దాని బదులు మూడు నియమాలు పెట్టాం. ముడి డేటాకు ఒక ఫోల్డర్, అందులోని ఫైళ్లను చదవడమే తప్ప మార్చకూడదు. కోడ్‌కు ఒక ఫోల్డర్. ఫలితాల ఫోల్డర్‌లో ఉన్న ప్రతిదీ కోడ్ నడిపి మళ్లీ పుట్టించగలిగేదై ఉండాలి, చెరిపేసినా నష్టం ఉండకూడదు. ఫైనల్, ఫైనల్ రెండు, ఫైనల్ సార్ కరెక్షన్స్ అనే ఫైళ్ల బెడద దీనితో పూర్తిగా పోలేదు గాని చాలా తగ్గింది. మెషీన్ లెర్నింగ్‌ను కూడా వదిలేశాం; ప్రకటనలో ఆ మాట లేకపోవడం వల్ల దరఖాస్తులు తగ్గాయి, అది మాకు నష్టమనిపించలేదు.

చాట్‌జీపీటీ వంటి సాధనాలను నిషేధించలేదు, నిషేధించినా ఆగేది కాదు. పట్టిక ఇచ్చి జిల్లాల వారీ సగటు గ్రాఫ్ వేయమని వాటినే అడగమంటాం. చక్కగా నడిచే కోడ్ వస్తుంది, అందమైన గ్రాఫ్ వస్తుంది, 2016 దగ్గర అదే మెట్టు కనబడుతుంది. చౌటుప్పల్ సంగతి తెలిసిన తర్వాత అడిగితే సరిదిద్దిన కోడ్ కూడా ఇస్తుంది. ఏమి అడగాలో తెలిసినవారికి అది మంచి సహాయకురాలు.

తెలుగు విభాగం నుంచి ఒక ఫైలు

ఊహించని ప్రయోజనం తెలుగు స్కాలర్ ఒకరికి కలిగింది. పాలమూరు పల్లెల్లో సేకరించిన పాటలను ఆమె డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో టైపు చేయించారు. తెర మీద తెలుగే కనబడుతుంది. ఫాంట్ మార్చగానే అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు మిగులుతాయి, ఎందుకంటే ఆ పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలను కూర్చి పెట్టినవి. అటువంటి ఫైలులో ఒక పల్లవి ఎన్ని పాటల్లో వస్తుందో వెతకడం సాధ్యం కాదు. ముందు దాన్ని, తెలుగు అక్షరాలకు సొంత సంకేతాలు ఉండే యూనికోడ్‌లోకి మార్చుకోవలసి వచ్చింది. మార్చాక ఒత్తుల దగ్గర, పొల్లుల దగ్గర వచ్చిన తేడాలను చదివి దిద్దుకోవలసి వచ్చింది. ఆ తర్వాత కూడా ఆమెకు ఒక చిక్కు ఎదురైంది: స్త్రీ అనే మాట పొడవు అడిగితే పైథాన్ ఆరు అంటుంది. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ ఈకారం కలిపి ఆరు సంకేతాలు. మన దృష్టిలో అది ఒకటే అక్షరం. పాదానికి అక్షరాలెన్నో లెక్కించాలంటే ఛందస్సు తెలిసినవారే నియమం రాయాలి. ఆమె రాశారు. నీటి ఫైలు మీద నేర్చుకున్న పద్ధతినే పాటల మీద వాడడం మాకు తృప్తినిచ్చింది.

తర్వాత ఏమైంది

వర్క్‌షాప్ చివర ఇచ్చే అభిప్రాయ పత్రాల మీద నాకు నమ్మకం లేదు. భోజనం బాగుంటే అన్నీ బాగుంటాయి. దాని బదులు కొన్ని నెలల తర్వాత ప్రతి ఒక్కరినీ ఒకే పని అడిగాం: మీ పరిశోధనలోని ఏదైనా ఒక గ్రాఫ్‌ను, ముడి ఫైలు నుంచి మొదలుపెట్టి, మీది కాని కంప్యూటర్ మీద మా ఎదుట మళ్లీ వేయండి. పూర్తిగా వేయగలిగినవారు తక్కువే. అయితే వేయలేకపోయినవారిలో చాలామంది ఏ అడుగు దగ్గర ఆగిందో, అక్కడ చేత్తో ఏమి మార్చారో చెప్పగలిగారు. వర్క్‌షాప్‌కు ముందు ఆ ప్రశ్నకు మౌనమే సమాధానంగా ఉండేది. కామర్స్ స్కాలర్లు అందరికంటే త్వరగా పాత ఎక్సెల్ అలవాటుకు తిరిగిపోయారు. వారి డేటా ప్రశ్నావళుల నుంచి వస్తుంది, నీటి ఫైలులోని చిక్కులు వారి ఫైళ్లలో కనబడవు. వారికి కావలసిన ఉదాహరణ వేరు.

కొత్త పద్ధతి మీద నిలబడినవారిలో దాదాపు అందరూ సోమవారం మధ్యాహ్నం పెట్టిన సహాయ గంటకు వచ్చినవారే. ఆ గంటకు నియమం ఒకటే: సొంత ఫైలుతో రావాలి. ఊరికే పైథాన్ నేర్పమని వస్తే సాయం చేయం. ఈ గంటను నడిపేది ఎంసీఏ విద్యార్థులు కాబట్టి, పరీక్షలు దగ్గరపడగానే అది ఆగిపోతుంది. వారికి కొంత పారితోషికం ఇవ్వగలిగితే గాని ఏడాది పొడుగునా నడవదు. ఇనాగరేషన్ ఖర్చు తగ్గించి ఆ డబ్బు వీరికి ఇవ్వమని మేము అడుగుతూనే ఉన్నాం. కోర్సు వర్క్‌లో ఈ శిక్షణకు క్రెడిట్లు ఇవ్వాలన్న ప్రతిపాదన కూడా పెట్టాం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కోర్సు వర్క్‌కు కనీసం పన్నెండు క్రెడిట్లుండాలి, అందులో పరిశోధన, ప్రచురణ నైతికత కోర్సు తప్పనిసరి. ముడి డేటాను మార్చకుండా ఉంచడం, చేసిన మార్పులను రాసిపెట్టడం ఆ కోర్సులో భాగంగానే నేర్పవచ్చన్నది మా వాదన.

తర్వాతి బ్యాచ్‌ను కామర్స్, సామాజిక శాస్త్రాల వారికి ప్రత్యేకంగా పెట్టబోతున్నాం. స్వయం సహాయక సంఘాల మీద చేసిన ఒక సర్వే ఫైలు ఇవ్వడానికి ఒక స్కాలర్ ఒప్పుకున్నారు. పేర్లు, ఫోన్ నంబర్లు తీసేయాలన్నది మా మొదటి షరతు. ఏ ప్రశ్న ఎవరిని ఎలా అడిగారో గదిలో ఎవరైనా నిలదీస్తే చెప్పడానికి ఆ స్కాలర్ స్వయంగా కూర్చోవాలన్నది రెండోది. మొదటిదానికి వెంటనే సరేనన్నారు. రెండోదానికి గైడ్‌ను అడిగి చెబుతామన్నారు.